4,082 మందికి మనం బాకీపడ్డ నవల

2011 జనాభా లెక్కల పట్టికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వరసలో 4,082 అని ఒక అంకె కనిపిస్తుంది. ఆరేళ్లలోపు పిల్లల్లో ఆడ, మగ గళ్లలో కాకుండా ‘ఇతరులు’ అన్న గడిలో నమోదైనవాళ్లు అంతమంది. ఆ గడి జనగణనలోకి రావడం అదే మొదటిసారి. దేశం మొత్తం మీద 54,854 మంది పిల్లలు అందులో చేరారు. వాకిట్లోకి వచ్చిన ఎన్యూమరేటరుకు ఆ మాట చెప్పింది ఇంట్లో పెద్దవాళ్లే. పుట్టుకతో శరీర నిర్మాణం వేరుగా ఉన్న పిల్లలు కూడా అందులో ఉంటారు, రాతలో దొర్లిన పొరపాట్లూ ఉంటాయి. కాబట్టి ఆ 4,082 మందీ ట్రాన్స్‌జెండర్ పిల్లలేనని వాదించకూడదు. అలాగని ఆ అంకెను కొట్టిపారేయనూ కూడదు.

ఎందుకంటే ఆ పిల్లలు 2026 నాటికి 15 నుంచి 21 ఏళ్లవాళ్లయ్యారు. పదో తరగతి పరీక్షలు రాసేవాళ్లు, ఇంటర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు, డిగ్రీ చివరి ఏడాదికి వచ్చినవాళ్లు. వేరే దేశాల పుస్తకాల షాపుల్లో ‘యంగ్ అడల్ట్’ అని విడిగా అల్మరాలు పెట్టేది సరిగ్గా ఈ వయసువాళ్ల కోసమే. నేనెవరిని, నావాళ్లు ఎవరు, నన్ను ఎవరైనా ప్రేమిస్తారా అని మనిషి మొదటిసారి గట్టిగా అడిగేది ఈ వయసులోనే. ట్రాన్స్ పిల్లలకు ఈ మూడు ప్రశ్నలూ ఒకేసారి మీదపడతాయి. వాటిని పట్టుకుని రాసిన తెలుగు నవల ఎందుకు కావాలో అంకెల సాయంతోనే చెబుతాను.

పెదకాకానినే తీసుకుందాం. గుంటూరు, విజయవాడల మధ్య హైవేని ఆనుకున్న ఊరు. మల్లేశ్వరస్వామి గుడికి, బాజీబాబా దర్గాకు, శంకర కంటి ఆసుపత్రికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నాగార్జున విశ్వవిద్యాలయం ఉన్నదీ ఈ మండలంలోనే. 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభా సుమారు 8 కోట్ల 46 లక్షలు, ‘ఇతరులు’ 43,769 మంది. అంటే దాదాపు 1,930 మందికి ఒకరు. దేశం మొత్తం మీద చూస్తే 2,480 మందికి ఒకరు. దేశ జనాభాలో మన వాటా 7 శాతమైతే ఈ గడిలో మన వాటా 9 శాతం. ఈ లెక్కన ఇరవై వేల జనం ఉన్న ఊరికి పదిమంది. ఆరేడు వందలమంది చదివే హైస్కూళ్లు మూడు కలిస్తే ఒకరు. ఆ ఒక్కరికీ తనలాంటివాళ్లు అదే బడిలో మరొకరు ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ ఒంటరితనంలో ఉన్న పిల్లకు పుస్తకం వినోదం కన్నా పెద్ద అవసరం.

నిజానికి ఈ అంకె కూడా తక్కువే అయి ఉంటుంది. ఇరుగుపొరుగు వింటుండగా వాకిట్లో నిలబడి ‘మా అబ్బాయి తనను అమ్మాయిననుకుంటాడు’ అని సర్కారు మనిషికి చెప్పే తల్లిదండ్రులు ఎంతమంది? తర్వాతి జనగణనలో జనాన్ని లెక్కించేది 2027 ఫిబ్రవరిలో. 2011లో ఆ గడిలో నమోదైన పిల్లలు ఈసారి తమ మాట తామే చెప్పుకోగల వయసులో ఉంటారు.

పిల్ల ఎవరన్న ప్రశ్న తర్వాత వచ్చేది, ఇల్లూ బడీ ఆమెను ఏం చేశాయన్న ప్రశ్న. ఇక్కడ అంకెలు గుండెను పిండేస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో అందరి అక్షరాస్యత 67 శాతం ఉంటే ‘ఇతరుల’ అక్షరాస్యత 53.33 శాతం. పక్కనున్న తమిళనాడులో యునెస్కో, చెన్నైలోని సహోదరన్ సంస్థతో కలిసి 371 మంది లైంగిక, జెండర్ మైనారిటీ యువతను బడి రోజుల గురించి అడిగింది. ఆ నివేదిక 2019లో వచ్చింది. మాధ్యమిక, ఉన్నత తరగతుల్లో తమను కొట్టారని, తోశారని చెప్పినవాళ్లు 60 శాతం. ప్రాథమిక బడిలోనే లైంగిక వేధింపులు ఎదుర్కొన్నవాళ్లు 43 శాతం. దాన్ని బడి యాజమాన్యం దాకా తీసుకెళ్లింది 18 శాతమే. బడి మానేయడానికి ఈ వేధింపులే ముఖ్య కారణమని 33 శాతం మంది చెప్పారు.

ఈ 18 అన్న అంకె దగ్గర కాస్త ఆగాలి. వందలో ఎనభై రెండుమంది ఎందుకు నోరు మెదపలేదు? మన బళ్లలో చదివినవాళ్లకు దీనికి జవాబు తెలుసు. నడక మెత్తగా ఉన్న అబ్బాయిని ‘ఆడంగి’ అని, ‘తేడా’ అని, ‘పాయింట్ ఫైవ్’ అని పిలిచేది వెనక బెంచీవాళ్లే కాదు. కొన్నిసార్లు మాస్టారు కూడా నవ్వుతారు. ఫిర్యాదు చేయాల్సింది ఆ నవ్వినాయనకే. ఆ తమిళనాడు నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. ఫిర్యాదు చేసినవాళ్లలో 29 శాతం మందికి వచ్చిన సలహా ‘నువ్వే నీ తీరు మార్చుకో’ అని.

ఇంటి అంకె ఇంకా చిన్నది. జాతీయ మానవ హక్కుల కమిషన్ కోసం కేరళ డెవలప్‌మెంట్ సొసైటీ ఢిల్లీ పరిసరాల్లో, ఉత్తరప్రదేశ్‌లో 900 మంది ట్రాన్స్‌జెండర్లను కలిసి 2017లో ఒక అధ్యయనం ఇచ్చింది. తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవాళ్లు 2 శాతం. మిగతా 98 శాతం మందిలో చాలామందికి ఏదో ఒక దశలో హిజ్రా గురువుగారి ఇల్లే పుట్టిల్లయింది. ఆ గురువుల, చేలాల కుటుంబమైన జమాత్‌ను తప్పుపట్టే ముందు, కన్నవాళ్లు మూసిన తలుపుకు అవతల అన్నం పెట్టింది వాళ్లేనన్నది గుర్తుంచుకోవాలి.

మరి ఏం చేస్తే మేలు జరుగుతుంది? దీనికీ ఒక అంకె ఉంది. ఈ విషయం మీద నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించిన అంకె అది. అమెరికాలో మూడు నగరాల్లో 15 నుంచి 21 ఏళ్ల ట్రాన్స్ యువతను 129 మందిని పరిశీలించి స్టీఫెన్ రసెల్ బృందం 2018లో ఒక పత్రం ప్రచురించింది. ఇల్లు, బడి, పని, స్నేహితులు అని నాలుగు చోట్లు తీసుకున్నారు. తాము ఎంచుకున్న పేరుతో తమను పిలిచే చోటు ఒక్కటి పెరిగితే చనిపోవాలన్న ఆలోచన 29 శాతం, ఆ దిశగా చేసే ప్రయత్నాలు 56 శాతం తక్కువగా కనిపించాయి. పేరే దీనికంతటికీ కారణమని శాస్త్రం ఒట్టు పెట్టి చెప్పదు. పేరుతో పిలిచేవాళ్లు మిగతా విషయాల్లోనూ దయగా ఉంటారేమో. కానీ ఆ నాలుగు చోట్లలో ఒకటి స్నేహితులు. ఇల్లు ఒప్పుకోకపోయినా, బడి రికార్డు మారకపోయినా, పక్క బెంచీలో కూర్చున్న పిల్ల ఆ పేరుతో పిలవగలదు. దానికి ఏ సంతకమూ అక్కర్లేదు.

పైగా తెలుగులో పేరుతోనే పని అయిపోదు. ‘ఒరేయ్’ అనాలో ‘ఏమే’ అనాలో, ‘వచ్చాడు’ అనాలో ‘వచ్చింది’ అనాలో రోజుకు ఎన్నోసార్లు తేల్చుకోవాలి. ఒక స్నేహితురాలు ‘ఒరేయ్’ నుంచి ‘ఏమే’కి మారిన రోజు మీద ఒక అధ్యాయం రాయవచ్చు. మన నవలాకారులకు ఇంత సూక్ష్మమైన సన్నివేశం తెలుగు భాషే అప్పనంగా ఇస్తోంది.

ప్రపంచంలో ఇలాంటి నవలలు ఎప్పుడు మొదలయ్యాయో చూస్తే పెద్ద చరిత్రేమీ కాదు. 2004లో జూలీ ఆన్ పీటర్స్ రాసిన ‘లూనా’ వచ్చింది. ట్రాన్స్ అమ్మాయి ముఖ్యపాత్రగా పెద్ద ప్రచురణ సంస్థ నుంచి వచ్చిన తొలి టీనేజ్ నవలగా దానికి పేరు. ఆ ఏడాది అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకూ చేరింది. అయితే ఆ కథ చెప్పేది లూనా కాదు, ఆమె చెల్లెలు. పన్నెండేళ్ల తర్వాత, 2016లో, మెరెడిత్ రూసో ‘ఇఫ్ ఐ వజ్ యువర్ గర్ల్’ రాశారు. రచయిత్రి ట్రాన్స్ మహిళ. అమాండా అనే అమ్మాయి కొత్త ఊరి బడిలో చేరడం, స్నేహాలు, గ్రాంట్ అనే అబ్బాయితో ప్రేమ, అన్నీ అమాండా నోటితోనే వింటాం. పక్కనున్నవాళ్ల నోటి నుంచి కథ ఆ పిల్ల నోటికి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. సాహిత్యంలో అసలు ప్రయాణం ఇదేనని నా నమ్మకం.

ఆ రెంటికీ మధ్య 2015లో చిన్నపిల్లల కోసం అలెక్స్ జీనో రాసిన ‘జార్జ్’ ఉంది. నాలుగో తరగతి పిల్ల బడి నాటకంలో ఆడవేషం వేయాలనుకుంటుంది. టీచరు ఒప్పుకోదు, స్నేహితురాలు కెల్లీ ఉపాయం పన్నుతుంది. అంతే కథ. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏటా వేసే జాబితాలో, లైబ్రరీల నుంచి తీసేయమని ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకంగా ఇది 2018, 2019, 2020 మూడేళ్లూ మొదటి స్థానంలో నిలిచింది. ఆ పిల్ల తనకు పెట్టుకున్న పేరు మెలిస్సా. పాత పేరును అట్టమీద వేయడం సరికాదని రచయితే భావించడంతో ఇప్పుడు ఆ పుస్తకం ‘మెలిస్సా’ పేరుతో వస్తోంది.

మన దేశంలో ఈ దారి ఇంకా సన్నగానే ఉంది. ఇంగ్లీషులో హిమాంజలి శంకర్ 2014లో రాసిన ‘టాకింగ్ ఆఫ్ ముస్కాన్’ బడిలో ఒక అమ్మాయి మరో అమ్మాయిని ఇష్టపడటం గురించి. చెన్నైలోని తూలిక వాళ్లు వేసిన కనక్ శశి బొమ్మల పుస్తకం ‘గుఠ్లీ హాజ్ వింగ్స్’లో, అందరూ అబ్బాయి అనే పిల్ల తాను దేవకన్యననుకుంటుంది. ఇక బడి వ్యవస్థ సంగతి. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకోవాలో టీచర్లకు చెప్పే చేతిపుస్తకాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 2021లో వెబ్‌సైట్లో పెట్టి, ఫిర్యాదులు రాగానే కొద్ది రోజుల్లో తీసేసింది. 2025 సెప్టెంబరులో ఇదే విషయం మీద పన్నెండో తరగతి విద్యార్థి వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు నోటీసులు ఇచ్చింది. పెద్దవాళ్లు వెనక్కి తీసుకున్న మాటను ఒక విద్యార్థి కోర్టు దాకా మోసుకెళ్లాల్సి వచ్చింది.

తెలుగుకు ఈ విషయం బలంగా వచ్చింది ఆత్మకథ రూపంలో. తమిళనాడు నామక్కల్ ప్రాంతంలోని పల్లెలో పుట్టిన ఎ. రేవతి జీవితకథ 2010లో ఇంగ్లీషులో పెంగ్విన్ నుంచి వచ్చింది. దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసింది పి. సత్యవతి గారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. సత్యవతి గారిది తెనాలి దగ్గర కొలకలూరు. పెదకాకానికి పొరుగూరనే చెప్పాలి. ఈ నేల మీద పుట్టిన ఒక స్త్రీవాద కథకురాలు డెబ్బై ఏళ్లు దాటాక ఇలాంటి పుస్తకాన్ని భుజాన వేసుకోవడం మామూలు సంగతి కాదు. అయితే ఆ పుస్తకం పెద్దవాళ్లకు. అందులో హింస ఉంది, పోలీసులున్నారు, ఒళ్లమ్ముకుని బతకాల్సిన రోజులున్నాయి. అన్నీ నిజాలే. టీచర్లు, తల్లిదండ్రులు తప్పక చదవాలి. పద్నాలుగేళ్ల పిల్లకు మాత్రం ముందుగా కావలసింది, ‘నీకూ రేపు ఉంది’ అని చెప్పే కథ.

అలాంటి కథ మన సంప్రదాయానికి కొత్త అనేవాళ్లు వ్యాసభారతం ఉద్యోగపర్వం తిరగేయాలి. ద్రుపదుడు కూతురిగా పుట్టిన శిఖండిని కొడుకుగా పెంచుతాడు. దశార్ణ రాజు హిరణ్యవర్మ కూతురిని ఇచ్చి పెళ్లి చేస్తారు. నిజం బయటపడి మామ యుద్ధానికి వస్తానంటాడు. తన వల్ల తల్లిదండ్రులకు ఇంత కష్టం వచ్చిందని శిఖండి ప్రాణం తీసుకోవడానికి అడవికి వెళ్లాక స్థూణుడనే యక్షుడు ఎదురై తన పురుషత్వాన్ని కొంతకాలానికని అప్పిస్తాడు. ఆ పాపానికి కుబేరుడు యక్షుడిని, శిఖండి బతికున్నంతకాలం అలాగే ఉండిపొమ్మని శపిస్తాడు. చావాలని అడవికి వెళ్లిన యువకుడు, అతని కోసం నష్టపోయిన స్నేహితుడు. 1963లో ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ బృహన్నలగా వస్తే తెలుగునాడంతా చప్పట్లు కొట్టింది. పురాణంలో, వెండితెర మీద ఒప్పుకున్న మనిషిని పక్కింట్లో ఒప్పుకోకపోవడానికి సంప్రదాయాన్ని సాకు చెప్పలేం.

చట్టం కొంత దూరం నడిచింది. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నాల్సా) కేసు తీర్పులో సుప్రీంకోర్టు, తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టంలో 12వ సెక్షన్ ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఏ బిడ్డనూ కోర్టు ఉత్తర్వు లేకుండా తల్లిదండ్రుల నుంచి విడదీయకూడదంది. అదే చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం కలెక్టరిచ్చే గుర్తింపు పత్రానికి మైనరు తరఫున దరఖాస్తు చేయాల్సింది తల్లిదండ్రులో, సంరక్షకులో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కేంద్రం తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు ఏడాదికి 13,500 రూపాయల స్కాలర్‌షిప్ పెట్టింది, అంటే నెలకు 1,125. దానికి గుర్తింపు పత్రం కావాలి, పత్రానికి అమ్మానాన్నల సంతకం కావాలి. బిడ్డను ఒప్పుకోని ఇంట్లో ఆ సంతకం దొరకదు. సరిగ్గా ఆ ఇంటి బిడ్డకే డబ్బు ఎక్కువ అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్ పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైంది, మంచిదే. అది పద్దెనిమిది నిండాక. పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఆ పిల్ల చేతిలో ఏమీ ఉండదు. నవలకు కాలం ఇదే కావాలి.

స్థలం కూడా పెదకాకాని చుట్టుపక్కలే ఉంది. మిరప కోతల్లో వంగి కాయ కోసేది ఆడకూలీలు, టిక్కీ బస్తాలు మోసేది మగవాళ్లు. సెలవుల్లో చేనుకెళ్లిన ట్రాన్స్ అమ్మాయిని మేస్త్రీ ఏ వరసలో నిలబెడతాడు? ఇంటర్లో చేరితే హాస్టళ్లు రెండే రకాలు, ఆడపిల్లలవి, మగపిల్లలవి. పదహారేళ్ల పిల్ల ఏ గేట్లోంచి లోపలికి వెళ్లాలన్నదే కథను నడిపే చిక్కుముడి. ఉరుసు రాత్రి, శివరాత్రి జాగరణ, యూనివర్సిటీ ఎదురుగా బస్టాపు, హాల్ట్ స్టేషన్‌లో ఆగే ప్యాసింజరు. ఇవన్నీ తెలిసిన రచయిత ఈ జిల్లాల్లో ఎక్కడో ఉన్నారు.

ప్రేమ గురించి రాయడానికి మనవాళ్లు ఎక్కువ జంకుతారు. అక్కడా నేల కాస్త గట్టిపడింది. 2019లో మద్రాసు హైకోర్టు, హిందూ వివాహ చట్టంలోని ‘వధువు’ అన్న మాట ట్రాన్స్ మహిళకూ వర్తిస్తుందంది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాల కేసులో హక్కు నిరాకరించిన సుప్రీంకోర్టు కూడా, ట్రాన్స్ స్త్రీ పురుషుణ్ణి, ట్రాన్స్ పురుషుడు స్త్రీని పెళ్లాడటం ఇప్పుడున్న చట్టాల కిందే చెల్లుతుందని చెప్పింది. ఇక మన ఒంగోలు నుంచి వెళ్లిన కేసు. అత్తవారింటి వేధింపుల మీద ఒక ట్రాన్స్ మహిళ ఫిర్యాదు చేస్తే, పిల్లల్ని కనలేని ఆమె స్త్రీ కాదని అవతలివాళ్లు వాదించారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చి, 498ఎ సెక్షన్ రక్షణ ట్రాన్స్ మహిళకూ ఉందని తీర్పిచ్చారు. ఆరోపణలకు ఆధారాలు చాలవని ఆ కేసును మాత్రం కొట్టేశారు. పిల్లల్ని కనడమే స్త్రీత్వమన్న మాటకు ఒంగోలు కేసులోనే చెల్లుచీటీ పడింది.

రేపు ఉందని చూపించే ట్రాన్స్ మనుషులకూ ఇప్పుడు కొరత లేదు. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో తమన్నా సింహాద్రి పెదకాకాని పక్కనే ఉన్న మంగళగిరిలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ డాక్టర్లుగా చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లోకి 39 మంది ట్రాన్స్‌జెండర్లు వచ్చారు. హైవే మీద చేయి చాపే మనిషినే చూస్తూ పెరిగిన పిల్లకు, తెల్లకోటు వేసుకున్న మనిషి కూడా ఉందని కథలో తెలియాలి.

కాబట్టి నా విన్నపం ముగ్గురికి. వారపత్రికల, పిల్లల పత్రికల సంపాదకులు నవలల పోటీ పెట్టేటప్పుడు ఒక్క ఏడాది టీనేజ్ నవలకు చోటివ్వండి. రచయితలు ఇలాంటి కథ రాసేముందు ఆ జీవితం తెలిసినవాళ్లతో కూర్చోండి. ఆ జీవితం గడిపినవాళ్లే రాస్తే వాళ్ల వాక్యాన్ని దిద్దే పేరుతో మార్చకండి. నాయికను చివర్లో చంపకండి, ఊరొదిలి పంపకండి. ఆమెకు ఒక స్నేహితురాలిని, వీలైతే ఒక ప్రేమను ఇవ్వండి. జిల్లా పరిషత్ హైస్కూళ్ల ఉపాధ్యాయులు సత్యవతి గారి అనువాదాన్ని స్టాఫ్ రూముకు తెప్పించుకుని చదవండి.

ఈ వ్యాసం చదువుతున్నది అలాంటి పిల్లే అయితే, ఇంట్లో చెప్పుకోలేని రోజు వస్తే, పిల్లల సహాయానికి 1098, మనసు కుంగినప్పుడు టెలీ మానస్ 14416. రెండూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి.